ఎక్కి ఆడుకునే తాబేలు

నాకు కుదురు లేదు. ఇది నేను చెప్పుకునే మాట కాదు, నన్ను చూసినోళ్ళందరూ అనే మాట. కాలు గాలిన పిల్లి అంటాది మా అమ్మ. ఒక తాన కూచుంటే నీ సొమ్మేం పోతాదే అంటాడు నా మొగుడు. మాది ఆళ్ళగడ్డ, నన్నిచ్చింది నంద్యాలకు. నా మొగునికి నంద్యాల బస్టాండు కాడ ఇనప సామాన్ల అంగడుంది. పొద్దున్నే లేచి ఉగ్గాని కలిపి, నాలుగు బజ్జీలేసి, ఆయనకు డబ్బా కట్టి ఆళ్ళగడ్డ బస్సెక్కుతా. సాయంత్రం మల్ల నంద్యాల బస్సు. పెండ్లయిన కాడ్నుంచి ఇదే తిరుగుడు. "రోజూ పుట్టింటికి పోయే ఆడదాన్ని లోకంలో నిన్నొక్కదాన్నే చూస్తాండా" అని మా ఆడబిడ్డ ఎత్తిపొడుస్తాది. పుట్టింటికి కాదు తల్లీ, పనికి పోతాండా అని చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది.

పని అంటే రాతి పని. మా నాయన శిల్పి. ఆళ్ళగడ్డలో రోడ్డు పొడుగునా రేకుల షెడ్లు, వాటి ముందర సగం చెక్కిన దేముళ్ళు, ఆ వరసలో మాదీ ఒక షెడ్డు. ఇప్పుడు మిషన్లొచ్చి గీ అని ఒకటే మోత గానీ, నా చిన్నప్పుడు అన్నీ ఉలి దెబ్బలే. నాకు ఉలి పట్టేది నేర్పింది మా నాయనే. ఆడపిల్లకు నేర్పాలని నేర్పలేదు. నేను ఊరికే ఉండక మేకు పట్టుకొని కనబడిన రాయల్లా గీకుతాంటే, ఇది యాడో వేళ్ళు పగలగొట్టుకుంటాదని భయపడి నేర్పినాడు.

నేర్చుకున్న్యా. బాగా నేర్చుకున్న్యా. అమ్మవారి చీర కుచ్చిళ్ళు, నడుం పట్టీ, ముక్కుపుడక, చేతి వేళ్ళు, అన్నీ నా చేతి మీదనే పోతాయి. కానీ కళ్ళు మాత్రం నాకియ్యరు. మా కాడ ఒక పద్ధతుంది. విగ్రహానికి అన్నీ అయినాక కూడా కళ్ళ చోటు నున్నగా వదిలేస్తాము. అది పోయే ఊరికి పోయి, గుడిలో నిలబడినాక, పెద్దశిల్పి గుడ్డ అడ్డం పట్టించుకొని సన్న ఉలితో కళ్ళు తెరుస్తాడు. తెరిసిన కళ్ళు మొదట మనిషిని చూడకూడదు, అందుకని ముందర అద్దం పెడతారు. ఆ తెరిసేది మా నాయన. కళ్ళు ఎవరు తెరిస్తే బొమ్మ వాళ్ళది అని మా షెడ్డులో మాట.

అంటే లెక్క చూసుకోండి. పాదాల కాడ్నుంచి కిరీటం దాంక నా నడుం విరిగేటట్టు నేను చెక్కుతా. మా నాయన తెల్ల పంచె కట్టుకొని పోయి రెండు గీతలు గీస్తాడు. శాలువా ఆయనకు, దండ ఆయనకు. నాకు మంట పుట్టేది. అబద్ధమెందుకు, శానా మంట పుట్టేది. ఒకసారి అడిగే అడిగినా, "ఈసారి నేను తెరుస్తా నాయనా" అని. ఆయన తలెత్తను కూడా లేదు. "గమ్మునుండు పాపా" అన్నాడు, అంతే. మా నాయన మాట అట్లనే ఉంటాది. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

అట్లాంటప్పుడు కోస్తా నుంచి ఒక ఆఫీసరు వచ్చినాడు. వాళ్ళ ఊర్లో సముద్రం ఒడ్డున పార్కు కడతాండారంట. కూచునే బల్లలు, నడిచే దారి, లైట్లు, పిల్లోళ్ళకు జారుడుబండలు అన్నీ పెడతాండారంట. ఆ ఒడ్డుకు ఏటేటా తాబేళ్ళు వచ్చి ఇసకలో గుడ్లు పెట్టిపోతాయంట. అందుకని పార్కు నడుమ ఒక పెద్ద రాతి తాబేలు కావాలని అడిగినాడు. "పిల్లలు ఎక్కి ఆడుకునేలా ఉండాలండీ. దాని మీద కూర్చుని ఫోటోలు దిగాలి" అన్నాడు.

మా నాయన ఉలి పక్కన పెట్టి ఆయన తట్టు చూసినాడు. "మేము ఎక్కి తొక్కే బొమ్మలు చెయ్యమప్పా. ఇంగో షెడ్డు చూసుకో" అన్నాడు.

ఆయన వెనక్కి తిరిగే లోపల నేను లోపల్నుంచి అరిసినా. "చేస్తాం సార్! మేము చేస్తాం!"

మా నాయన నన్ను చూసిన చూపుకు ఇంగొకరైతే చచ్చిండేవాళ్ళు. నేను పక్కకు పోయి మెల్లగా చెప్పినా. "అది కూర్మావతారం కాదు నాయనా, ఉత్త తాబేలు. దేముడు కాదు గదా. దానికి నీ పద్ధతులేం అడ్డం రావు గదా. నాకియ్యి."

శానాసేపు బీడీ తాగినాడు. ఆ తర్వాత, "చేసుకో. నా పేరు మాత్రం చెప్పాకు" అన్నాడు. ఆ మాటకు వేరేవాళ్ళైతే బాధపడతారు. నేను ఎగిరి గంతేసినా. మొదలు నుంచి చివర దాంక నాదే అనుకునే రాయి ఒకటి నాకు దొరికింది.

ఆ రాయి వచ్చిన కాడ్నుంచి నాకు నిద్ర లేదు. తింటాంటే తాబేలు, బస్సులో కూచుంటే తాబేలు. నేను చూసినవన్నీ గుడిలో ధ్వజస్తంభం ముందర ఉండే తాబేళ్ళు, వాటికి కాళ్ళూ వేళ్ళూ ఉంటాయి. నేనూ అట్లనే గీసి పెట్టుకుంటే, ఆ ఆఫీసరు ఫోన్లో ఫోటోలు పంపినాడు. చూస్తే సముద్రం తాబేలుకు కాళ్ళు లేవు, తెడ్లు ఉండాయి! గీసిందంతా తుడిచేసి మల్ల మొదలుపెట్టినా. నంద్యాలలో మా వీధి పిల్లోళ్ళను పిలిచి బట్టలుతికే బండ మీద కూచోబెట్టి, కాళ్ళు యాడ దాంక వస్తాయో సుద్దతో గుర్తు పెట్టుకున్న్యా. చిన్నపిల్ల ఎక్కాలంటే పక్కన పాదం ఆనాల, అందుకని తెడ్డును కొంచెం కిందికి దించినా. వీపంతా నునుపు చేస్తే జారి పడతారు, చిప్ప మీద గీతలు లోతుగా పెట్టినా. యాడా పదును లేకుండా నా చేత్తో, నా చెంపతో తాకి తాకి చూసినా. దేముళ్ళకు ఇంత చెయ్యలేదు నేను. దేముళ్ళ మీద ఎవరూ ఎక్కరు గదా.

మా నాయన దాని పక్కనే రోజూ నడిచిపోయేవాడు. ఒక్క మాట అనలేదు. బాగుందని లేదు, బాగలేదని లేదు. ఆయన అట్ల మౌనంగా పోయినప్పుడల్లా నాకు పుండు మీద కారం చల్లినట్టుండేది.

అయిపోయినాక క్రేను పెట్టి లారీకెక్కిచ్చి, నేనూ నా మొగుడూ ముందర కూచొని పోయినాము. అంగడి మూసినందుకు ఆయన నంద్యాల దాటే దాంక సణిగినాడు, గిద్దలూరు ఘాటులో నిద్రపోయినాడు. నేను మాత్రం ప్రతి మలుపుకూ వెనక్కి తిరిగి కట్లు చూసుకుంటానే ఉన్నా. "తాబేలు దూకి పారిపోతాదా ఏందీ?" అని లారీ డ్రైవరు నవ్వినాడు.

సముద్రం చూసింది అదే మొదటిసారి కాదు గానీ, అంత సేపు దాని పక్కన నిలబడింది అదే మొదలు. అబ్బా, నాకంటే కుదురు లేనిది ఒకటుంది ఈ లోకంలో అనుకున్న్యా. వస్తాది, పోతాది, మల్ల వస్తాది. ఎవరూ దాన్ని ఒక తాన కూచోమని తిట్టరు. పార్కు కూడా బాగా చేసినారు. ఒడ్డు పొడుగునా నడిచే దారి, దారి పక్కన బల్లలు, ఇసకలోంచి వచ్చినోళ్ళు కాళ్ళు కడుక్కునేదానికి కుళాయిలు, ఒక పక్కన మిరపకాయ బజ్జీల బండ్లు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, గవ్వల దండలమ్మే అంగళ్ళు. నీళ్ళలో దూరం పోయినోళ్ళను ఒకాయన ఈల ఊది వెనక్కి పిలుస్తాండాడు. ఆయన ఊదేది ఊదుతానే ఉండాడు, జనం పోయేది పోతానే ఉండారు.

తాబేలును దించి దిమ్మె మీద కూచోబెట్టినారు. ఆఫీసరు చుట్టూ తిరిగి చూసి శానా సంతోషపడినాడు. ఉన్నట్టుండి ముందరికొచ్చి ఆగినాడు. "అంతా బాగుందండీ. మరి దీనికి కళ్ళేవండీ?"

నేను నోటి మీద చెయ్యి పెట్టుకున్న్యా. నిజమే, కళ్ళు లేవు! కళ్ళ చోటు నున్నగా వదిలేసి తెచ్చినా. అన్నేండ్లుగా కళ్ళ కాడికొస్తే ఉలి పక్కన పెట్టి లేవడం నా చేతికి అలవాటు. ఉత్త తాబేలు అని నోటితో నేనే చెప్పినా, చేతికి మాత్రం ఎవరూ చెప్పలేదు. నా మొగుడు కడుపు పట్టుకొని నవ్వినాడు. "గుడ్డి తాబేలును తెచ్చిచ్చింది సార్ నా పెండ్లాం" అని.

సంచీలోంచి సన్న ఉలి తీసి కూచున్న్యా. రెండు గీతలు గీస్తే అయిపోయె. కానీ చెయ్యి ఆడలేదు. ఒకసారి పెట్టినా, తీసినా. మల్ల పెట్టినా, తీసినా. చివరకు లేచి పోయి ఆ కాళ్ళు కడుక్కునే కుళాయి కాడ చేతులు మొహం కడుక్కున్న్యా. గవ్వల అంగట్లో చుట్టూ గవ్వలంటించిన అద్దం ఒకటి అడిగి తెచ్చినా. నా మొగుని భుజం మీది తువ్వాల తీసి, "అడ్డం పట్టుకో" అన్నా. ఆయన నవ్వు ఆపి నా మొహం చూసినాడు. రెండు చేతులతో అడ్డం పట్టుకున్న్యాడు.

మనసులో దండం పెట్టుకొని తెరిసినా. మొదట కుడి కన్ను, తర్వాత ఎడమ కన్ను. ఉలి ఆగిన తావున రాయికి చూపొచ్చింది. నేను పక్కకు తప్పుకొని అద్దం పెట్టినా. ఇన్నేండ్ల నుంచి మా నాయన గుడ్డ వెనకాల ఏం చేస్తాడో అది నేను చేసినా. నేను చేసినా! అరవాలనిపించింది. లేచి చూస్తే చుట్టూ జనం. షికారుకొచ్చినోళ్ళు బజ్జీలు తినేది ఆపి చూస్తాండారు. ఒక ముసలామె చేతులు జోడించి చెంపలేసుకుంది. నేను ఆ సంతోషంలో అదేమీ పట్టించుకోలేదు.

ఇంటికొచ్చినాక మా నాయన అడిగింది ఒక్కటే మాట. "దిగిందా?" దిగిందని చెప్పినా. కళ్ళ సంగతి ఆయనడగలేదు, నేను చెప్పలేదు.

కొన్ని వారాలకు ఆఫీసరు ఫోను చేసినాడు. ముందు ఒక ఫోటో పంపినాడు. నా తాబేలు మొహమంతా పసుపు, నుదుటిన ఇంత కుంకుమ, మెడలో బంతిపూల దండ, ముందర పగిలిన టెంకాయ చిప్పలు. చుట్టూ నాలుగు కర్రలు పాతి తాడు కట్టినారు. తాడుకు ఇవతల నిలబడి పిల్లోళ్ళు చూస్తాండారు.

"ఆళ్ళగడ్డ నుంచి స్థపతి వచ్చి ప్రాణప్రతిష్ఠ చేశారని ఊరంతా పాకిపోయిందండీ" అన్నాడు ఆఫీసరు. "పిల్లలు ఎక్కితే పెద్దవాళ్ళు కొట్టినంత పని చేస్తున్నారు. పిల్లల తల్లులేమో, పార్కులో బొమ్మ మీద పిల్లలెక్కకపోతే ఎందుకండీ అని నాతో గొడవ. నేను మధ్యలో నలిగిపోతున్నాను. నేను చెప్తే ఎవరూ వినట్లేదు. చెక్కినవాళ్ళే వచ్చి చెప్పాలంటున్నారు. మీరొచ్చి ఒక్క మాట చెప్పండి. ప్రతిష్ఠ చేసిందే అంటే, పైన చిన్న రేకు వేసి దేవుడిగా వదిలేస్తాను, పిల్లలకు ఇంకేదైనా ప్లాస్టిక్‌ది తెప్పిస్తాను. ఉత్త రాయే అంటే ఆ తాళ్ళు ఇవాళే పీకేయిస్తాను."

ఫోను పెట్టి షెడ్డులో అటూ ఇటూ తిరిగినా. ఒక తాన నిలబడలేకపోయినా. కడాన మా నాయన ముందర పోయి నిలబడి అంతా చెప్పినా. ఆయన సుత్తి కింద పెట్టినాడు.

"కళ్ళు ఎవరు తెరిసినారు?"

"నేనే."

"అడ్డం పట్టినావా?"

"తువ్వాల పట్టిచ్చినా."

"అద్దం?"

"పెట్టినా నాయనా."

తిడతాడనుకున్న్యా. తిట్టలేదు. చేతికంటిన రాతి పొడి దులుపుకొని, "రేపు పోదాం. చూస్తా" అన్నాడు. మరుసటి రోజు పొద్దున్నే నంద్యాల బస్టాండులో దిగినాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా. గుళ్ళకు పోయేటప్పుడు కట్టుకునేవి అవే.

దారిలో నాకు ఒకటే ఆలోచన. కుడితిలో పడిన ఎలుక మాదిరి కొట్టుకున్న్యా. తెరిసినా అని చెప్పొచ్చు, అది నిజం. చెప్తే నేను దేముని కళ్ళు తెరిసిన మనిషినైతా. రేపు మా షెడ్డులో గమ్మునుండు పాపా అనేదానికి ఎవరికీ నోరు రాదు. నా బతుకులో నేను కోరుకున్నింది ఇదే. కానీ తెరిసినా అంటే, ఆ తాడు అట్లనే ఉంటాది. వీధి పిల్లోళ్ళ కాళ్ళు కొలిచి, జారకుండా గీతలు పెట్టి, చెంపతో తాకి చూసి చేసిన వీపు మీద ఒక్క పిల్ల కూడా ఎక్కదు. పోనీ ఉత్త రాయి అని చెప్తే పిల్లోళ్ళు ఎక్కుతారు. కానీ నా నోటితో నేనే, నేను తెరవలేదు, నాకు తెరవడం రాదు అని అందరి ముందర చెప్పినట్టు. మా నాయన ముందర! బస్సు కిటికీ తీసినా, మూసినా, మల్ల తీసినా. "కుదురుగా కూచో పాపా" అన్నాడు మా నాయన. అది నా వల్ల అయ్యే పనా?

పార్కుకు పోయేసరికి ఎండ ఇంకా మండుతానే ఉంది. అప్పటికే జనం చేరినారు. ఆ చెంపలేసుకున్న ముసలామె ఉంది, పొద్దున నడకకొచ్చే పెద్దమనుషులు ఉండారు, పిల్లల్ని పట్టుకొని తల్లులు ఉండారు. ఒక పాప మాత్రం తాడును పట్టుకొని ముందుకూ వెనక్కూ ఊగుతాంది, వాళ్ళమ్మ దాని గౌను వెనక నుంచి పట్టుకొని ఉంది.

మా నాయన ఎవరినీ పలకరించలేదు. తాడు ఎత్తి లోపలికి పోయినాడు. తాబేలు ముందర వంగి, భుజం మీది కండువా కొసతో కళ్ళ మీద పడిన పసుపు మెల్లగా తుడిసినాడు. కుడి పక్కన నుంచి చూసినాడు. ఎడమ పక్కకు పోయి చూసినాడు. వెనక్కి జరిగి, కొంచెం దూరం నుంచి చూసినాడు. ఎన్ని విగ్రహాలు చెక్కినా నా పని ఆయన అట్ల ఎప్పుడూ చూడలేదు.

అట్ల చూస్తా చూస్తానే ఆయన కాళ్ళ చెప్పులు విడిసినాడు.

కావాలని చెయ్యలేదు. ఆయన చూపు కళ్ళ మీదనే ఉంది, కాళ్ళే చెప్పుల్లోంచి బయటికొచ్చినాయి. జనంలో గుసగుస మొదలయింది. "చూశారా, స్థపతి గారే చెప్పులు విప్పేశారు" అని ముసలామె గట్టిగా అనింది. నాకు కండ్లనిండా నీళ్ళొచ్చినాయి. ఆయన దండ తెచ్చి నా మెళ్ళో వేసినా నాకు అంత సంతోషం ఉండకపోవును.

ఆఫీసరు ముందుకొచ్చినాడు. "చెప్పండి పెద్దాయన గారూ. ఇది ప్రతిష్ఠ చేసినదేనా, కాదా? మీ మాటే ఖాయం."

"నన్నడగాకప్పా" అన్నాడు మా నాయన. గొంతు అందరికీ వినబడేటట్టే అన్నాడు. "ఇది నా పని కాదు. చెక్కింది నా కూతురు. కళ్ళ కాడ ఉలి పెట్టింది కూడా నా కూతురే. తెరిసిందో లేదో ఆమెనే అడుగు. ఆమె ఏది చెప్తే అది."

అందరూ నా తట్టు తిరిగినారు. మా నాయన కూడా. నా జీవితమంతా ఆ మాట కోసం కాచుకున్న్యా. వచ్చింది. ఇంత పెద్ద సముద్రం ముందర, ఇంత మంది ముందర వచ్చింది. ఇంగ నేను తెరిసినా అనాల, అంతే. ఆ ఒక్క మాట నాలిక చివర దాంక వచ్చింది.

అప్పుడు ఆ పాప వాళ్ళమ్మను అడిగింది. "అమ్మా, ఇంక నేనెప్పటికీ ఎక్కకూడదా?"

ఏం చెప్పేది? తాడు పట్టుకున్న ఆ పిల్ల చేతుల తట్టు చూసినా.

"తెరవలేదు" అన్నా. "ఇది ఉత్త రాయి. ఉలితో ఊరికే రెండు గీతలు గీసినా. ప్రతిష్ఠ లేదు, ఏం లేదు. పిల్లోళ్ళు ఎక్కేదానికి చేసిన బొమ్మ."

"మరి అద్దం పెట్టావు కదమ్మా, నేను చూశాను కదా" అనింది ముసలామె.

"దుమ్ము పోయిందా లేదా అని వెలుతురు పడేదానికి పెట్టినా అవ్వా."

అబద్ధం మీద అబద్ధం. ముసలామె మొహం చిన్నబోయింది. నేను మా నాయన తట్టు చూడలేకపోయినా. చూడకపోయినా తెలిసింది, ఆయన కాలితో వెతుక్కొని చెప్పులేసుకుంటాండాడు.

ఆఫీసరు తాడు విప్పించినాడు. విప్పినా ఎవరూ కదల్లేదు. పిల్లోళ్ళు కూడా తల్లుల మొహాలు చూస్తా నిలబడినారు. నాకు ఒళ్ళు మండింది. చీర కుచ్చిళ్ళు ఎగజెక్కి, తెడ్డు మీద పాదం పెట్టి, నేనే పోయి దాని వీపు మీద కూచున్న్యా. ఇంత మనిషిని, రాతి తాబేలు మీద! ఎవరో కిసుక్కున నవ్వినారు. నవ్వనీ. "దా పాపా" అని చెయ్యి చాపినా. వాళ్ళమ్మ గౌను వదిలిపెట్టింది. ఆ పాప ఎక్కి నా ముందర కూచుంది. దాని వెనక ఇంగొకరు, ఇంగొకరు. నేను దిగేసరికి తాబేలు కనబడలేదు, అంతా పిల్లోళ్ళే. తల మీదొకడు పడుకొని కంట్లో వేలు పెడతాండాడు. ఇసక, బజ్జీల నూనె, ముక్కుచీమిడి, అన్నీ దానికి పూసినారు.

మా నాయన ఆ గుంపులోకి పోయినాడు. పిల్లోళ్ళ కాళ్ళ నడుమ నుంచి చెయ్యి పెట్టి తాబేలు వీపు తడిమినాడు. నేను పెట్టిన గీతల్లో వేలు పెట్టి లోతు చూసినాడు. శానాసేపు అట్లనే ఉన్నాడు. నేను పిలిస్తే గానీ రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన నోరు తెరవలేదు. నేను కిటికీ పక్కన కూచొని చీర కొంగు చుట్టినా, విప్పినా. ఆయన కోపమంతా నాకు తెలుసు. తన నోటితో తాను నా పని అని ఒప్పుకుంటే, నేను దాన్ని అందరి ముందర నేలపాలు చేస్తి. కంభం దాటినాక, ఇంగ పట్టలేక నేనే అనబోతాంటే ఆయనే అడిగినాడు.

"నిజం చెప్పు పాపా. తెరిసినావా, లేదా?"

"తెరిసినా నాయనా."

"నాకు తెలుసు" అన్నాడు. "ఆ చూపు నాకు తెలీకపోతే ఇంగ ఎవరికి తెలుస్తాది?"

"మరి నీకు కోపం లేదా?"

"ఉంది" అన్నాడు. ఘాటులో బస్సు ఒక పక్కకు ఒరుగుతాంటే ముందు సీటు కమ్మీ పట్టుకొని, దాని తట్టే చూస్తా చెప్పినాడు. "కళ్ళు తెరిసినాక చెక్కినోడు కూడా ముట్టుకోకూడదు పాపా. బయట నిలబడి అందరితో పాటు దండం పెట్టుకోవాల, అంతే. నా చేతి కింద ఎన్ని పుట్టినాయో నాకే లెక్క లేదు. తెరిసిన తర్వాత ఒక్కదాన్ని కూడా మల్ల నేను ముట్టుకున్నింది లేదు."

నేను కొంగు వదిలిపెట్టి ఆయన చేతుల తట్టు చూసినా.

"ఆ పిల్లోళ్ళు ఊరికే ఉంటారా? నీ తాబేలును అరగదీస్తారు. కళ్ళే ముందు అరిగిపోతాయి, చూడు."

"పోనీ నాయనా" అన్నా ఏడుపు ఆపుకుంటా.

"పోతే పోనీ. నువ్వు పోయి మల్ల చెక్కు. ఎన్నిసార్లయినా చెక్కు. నీకు ముట్టుకునేదానికి ఉంది" అన్నాడు మా నాయన. "నాకు లేకపాయె."